బావ చేతిలో లేని పోగు

సూరత్ వెళ్ళొచ్చానని తెలియగానే మా కోరుట్లలో అందరూ అడిగింది ఒక్కటే: "చీర ఎంతకు పడ్డది?" ప్రయాణం ఎలా జరిగిందని గానీ, మీ అక్క ఎలా ఉందని గానీ ఒక్కరూ అడగలేదు. వాళ్ళను తప్పు పట్టను, నేనైనా అదే అడిగేదాన్ని. నాన్నది బట్టల కొట్టు, ఆయన పోయాక ఇప్పుడు నాది; చిన్నాన్నది కిరాణం, మేనత్తది గాజుల దుకాణం. మా ఇంట్లో పిల్లలకు మాటల కంటే ముందు బేరం వస్తుంది. నా పెళ్ళిలో పంతులుగారిని మంత్రాలు తగ్గించమని అడిగానని మా ఆయన ఇప్పటికీ నలుగురిలో చెప్తుంటాడు. అబద్ధం. నేను తగ్గించమన్నది సమయం.

చీరల సంగతి దారిలో వస్తుంది, నా పరువు తీయడానికి. వెళ్ళింది మాత్రం వాటి కోసం కాదు. మా లలితక్క ఫోను చేసింది.

"మీ బావ కడుపు మంచిగైంది సుజా! ఇంట్ల చిన్న పండుగ చేస్తున్న. అమ్మ చేసినట్టు ఎల్లిపాయ కారం చేసుకొని రా. ఆయన మళ్ళ కారం ముట్టే రోజు నువ్వు లేకుంటె ఎట్ల?"

రాజేశం బావ సూరత్‌లో మగ్గాలు నడుపుతాడు. కరెంటు మగ్గాలు. ఆయనకు చాలా ఏళ్ళుగా పెద్దపేగులో పుండ్లు. అల్సరేటివ్ కొలైటిస్ అంటారు దాన్ని. పేగు లోపలి గోడ వాచి, పుండ్లు పడి, రక్తం పోతుంది. పరుగెత్తాలి, అదీ చెప్పా పెట్టకుండా. కొన్నాళ్ళు తగ్గినట్టుంటుంది, మళ్ళీ తిరగబెడుతుంది. కరీంనగర్ వైపు పుట్టిన మనిషి ఇన్నేళ్ళు పెరుగన్నం, పెసరకట్టు తిని బతికాడంటే మాటలా? అలాంటి మనిషి కారం తింటాడంటే, దుకాణానికి తాళం వేసి బయల్దేరాను.

భుసావల్ దాటాక

ఎల్లిపాయ కారం సీసాకు మూత నేనే బిగించాను. మూత బిగుసుకునే కొత్త సీసా బజారులో కాస్త ప్రియం చెప్పాడని, ఇంట్లో ఉన్న పాత సీసాకే రెండు కవర్లు చుట్టాను. ఆదా చేశానని మురిసిపోయాను. భుసావల్ దాటాక ఆ ఆదా నూనెగా కారి, కింద ఉన్న ఒక గుజరాతీ పెద్దావిడ సంచీ మీద పడింది.

ఆవిడ నన్ను తిట్టలేదు. సంచీని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "బాప్ రే!" అంది. తర్వాత తుమ్మింది. ఆమె తుమ్ముకు పై బెర్తు మీది మనిషి లేచి కూర్చున్నాడు. బోగీ అంతా వెల్లుల్లి.

సంచీ ఖరీదు అడుగుతుందేమోనని ముందుగానే సర్వపిండి తీసి చేతిలో పెట్టాను. ఆవిడ డబ్బా తెరిచి మెంతికూర వేసిన తెప్లా రొట్టెలు, తియ్యటి మామిడి తొక్కు ఇచ్చింది. తొక్కులో బెల్లం! మా అమ్మ చూస్తే అంటు కలిపినట్టే లెక్క కట్టేది. కానీ తెప్లా మీద ఆ తీపి పట్టుకుంటే వదల్లేదు. ఇంకొకటి కావాలని అడగడానికి మొహమాటపడి, నా సర్వపిండి ఇంకో ముక్క ఆమె చేతిలో పెట్టాను. ఆమె అర్థం చేసుకుని ఇంకో తెప్లా ఇచ్చింది. బేరానికి భాష అక్కర్లేదు.

కారం ఎవరికని అడిగితే, నాకొచ్చిన దుకాణం హిందీలో కథంతా చెప్పాను. ఆవిడ పకపకా నవ్వి, "కడుపు జబ్బు తగ్గిందని మిర్చితో పండుగా? మీ వాళ్ళు భలేవాళ్ళు" అంది. దిగబోతూ నా భుజం తట్టి, "పేట్ ఠీక్ తో సబ్ ఠీక్" అంది. కడుపు బాగుంటే అంతా బాగున్నట్టే అని. నేనూ తలూపాను.

బమ్రోలిలో దండ వేసిన డబ్బా

అక్కావాళ్ళు ఉండేది బమ్రోలిలో, వరుసగా గదులున్న చాలీలో. వరండా చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు. పొద్దున అక్కడ వరుస కడతారు. ఆ వరుసకు ఒక ఆచారం ఉంది. బావ నీళ్ళు నింపిన ఎర్ర డబ్బా పట్టుకుని గది బయటికి వచ్చాడంటే, ముందు ఎవరున్నా సరే, ఒడియా వాళ్ళైనా, బీహారీలైనా, మనవాళ్ళైనా, గోడకు అతుక్కుని దారి ఇస్తారు. డ్యూటీకి ఆలస్యమయ్యేవాడు కూడా కిక్కురుమనడు. మా ఊళ్ళో సర్పంచ్‌కు కూడా అంత మర్యాద దక్కడం నేను చూడలేదు.

నేను వెళ్ళేసరికి ఆ డబ్బా గుమ్మం పక్కన మేకుకు వేలాడుతోంది. దానికి బంతిపూల దండ.

"చూసినవా మరదలా? రిటైర్ చేసినం దాన్ని" అన్నాడు బావ. "పక్కింటోళ్ళు దండ గూడ వేసిన్రు."

"పింఛను ఇస్తున్నవా మరి?"

"ఎందుకియ్యను? ఇప్పుడు రెండు మూడు రోజులకోసారి పోతున్న. అదీ తీరుబడిగ, రాజా లెక్క!"

గోలీలు ఆపేసి నెలలైందట. రక్తం ఆగింది, పరుగులు ఆగాయి, ఇంకా మందెందుకు అన్నాడు. సరుకు అమ్ముడుపోయాక కూడా దుకాణం అద్దె కట్టేవాణ్ణి మా నాన్న వెర్రివాడనేవాడు. ఆ లెక్కన బావ మాట నాకూ సబబుగానే తోచింది.

సాయంత్రం పండుగ. అక్క మటన్ వండింది. చాలీలో మనవాళ్ళు నలుగురు కూర్చున్నారు. వేడి అన్నంలో ఎల్లిపాయ కారం, నువ్వుల నూనె కలిపి మొదటి ముద్ద బావకు అక్కే పెట్టింది. ఆ ఘాటుకు పిల్లలు దగ్గారు, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావ నమిలి, ఆగి, నా వైపు చూశాడు.

"ఎల్లిపాయలు బేరమాడి పాతయి తెచ్చినవా పిల్లా? మండుతాంది గని వాసనే లేదు."

అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఎల్లిపాయలు బేరమాడే కొన్నాను, కానీ కొత్తవే.

"ఆయన ముక్కు పోయి సంవత్సరం దాటింది" అంది అక్క. "కార్ఖానా దుమ్ము. మొన్న పాలు మాడి పొగ లేస్తె గూడ పక్కన కూసొని టీవీ చూసిండు."

తిన్నాక అందరం ఆ టీవీ ముందు కూర్చున్నప్పుడే బావ కుడి చేయి నా కంట పడింది. మోకాలి మీద పెట్టుకున్న చేతిలో బొటనవేలు, చూపుడువేలు నెమ్మదిగా ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. తెగిన పోగు కొనను పేనినట్టు.

"గదేంది బావా?"

"పోగు పేనుడు" అంది అక్క, ఆయన బదులు. "ముప్పొద్దుల అదే పనాయె. చెయ్యి మరువదు."

నాకు ముచ్చటేసింది కూడా. ఎవరింట్లో కూర్చున్నా తెర గుడ్డను వేళ్ళతో నలిపి చూస్తానని మా ఆయన నన్ను తిడతాడు. పని మనుషుల్ని ఎంత పట్టేస్తుందో కదా అనుకున్నాను.

మగ్గాల షెడ్డు

మర్నాడు బావతో షెడ్డుకు వెళ్ళాను. మగ్గాలు ఆడే చోట మాట వినపడదు. అందుకే అందరూ సైగల్లో మాట్లాడుకుంటారు. పిడికిలి నోటి దగ్గరికి తెస్తే చాయ్. చిటికెన వేలు పైకెత్తితే బయటికి పోయొస్తానని. నేను ఎవరని ఒకాయన సైగతో అడిగితే బావ తన ముక్కు పట్టుకుని, చేత్తో సీసా చూపించాడు. షెడ్డంతా నన్ను చూసి నవ్వింది. అప్పటికే నా కారం కీర్తి అక్కడికి చేరిందన్నమాట.

పోగు తెగింది. మగ్గం ఆగింది. బావ వంగి రెండు కొనలూ పట్టి ముడి వేశాడు. చేయి ఎక్కడా తొణకలేదు.

చాయ్‌కి బయటికి వచ్చాక, బావతో పనిచేసే జగిత్యాల మల్లేశం అన్నాడు: "అన్న చెయ్యి మాకు బడి అక్కా. ఖాళీగున్నప్పుడు గూడ పేనుతనే ఉంటది. మెషీన్ అన్నట్టు."

బావ నవ్వాడు. చాయ్ గ్లాసు ఎడమ చేతిలో ఉంది. కుడి చేయి ఒళ్ళో ఉంది, లేని పోగును పేనుతోంది. తిరిగి లోపలికి నడుస్తుంటే ఎడమ చేయి ఊగుతోంది, కుడి చేయి మాత్రం చంకలో గొడుగు పెట్టుకున్నట్టు ఒంటికి అంటుకుని ఉంది. చూశాను. అంతే, చూశాను.

రింగ్ రోడ్డు

సూరత్ వచ్చి రింగ్ రోడ్డు బజారుకు వెళ్ళకుండా తిరిగొస్తే మా నాన్న ఆత్మ శాంతించదు. మెట్లు, వరండాలు, గదుల్లో గదులు, ఎటు చూసినా చీరల కట్టలు. ఒక్కో చీర అమ్మరు, కట్ట కొనాలి. నేను ముందుగా లొచో తిన్నాను. శనగపిండితో ఆవిరి మీద చేసేది, మెత్తగా, మీద వెన్న, సేవ్ అనే సన్న కారప్పూస. ధర అడిగి సగం చెప్పాను. బండివాడు నన్ను జాలిగా చూసి, "బెహెన్, ఇది తినే వస్తువు" అన్నాడు.

ఒక కొట్లో పరుపు గద్దె మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. తెల్లటి బట్టలు, మెడలో తులసిపూసలు. మనవడు చీరలు విప్పి చూపిస్తున్నాడు, ధర మాత్రం ముసలాయన చెప్తాడు. అందరూ ఆయన్ను బాపూజీ అంటున్నారు. బేరం మొదలైంది. నేను లేచి గుమ్మం దాకా వెళ్ళాను, ఆయన పిలవలేదు. నేనే తిరిగొచ్చాను. ఇద్దరం ఒకరినొకరు కొలుచుకున్నాం. ఎన్నాళ్ళకో సాటి మనిషి దొరికాడని నాకు సంతోషంగా ఉంది.

అప్పుడు చూశాను. ఆయన ఒళ్ళో పెట్టుకున్న చేయి. బొటనవేలు, చూపుడువేలు దొర్లుతున్నాయి. బావ చేయిలాగే, అదే నెమ్మదితో, అదే లయతో.

"మీరు ఇదివరకు మగ్గం నేసేవాళ్ళా బాపూజీ?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. పుట్టి బుద్ధెరిగి పోగు ముట్టింది లేదన్నాడు. తాత కాలం నుంచి అమ్మడమే. చేతి వైపు చూపించి, "పార్కిన్సన్స్" అన్నాడు, ఇంటి కుక్క పేరు చెప్పినంత మామూలుగా.

నాలో దుకాణందారు కూర్చుండిపోయింది. ఎలా మొదలైందని అడిగాను. ముందు ముక్కు పోయిందట. గల్లా దగ్గర వెలిగించిన అగరుబత్తి వాసన తనకే తెలిసేది కాదు. తర్వాత విరేచనం బిగుసుకుపోయింది. వయసు కదా అనుకున్నాడు. ఆ తర్వాత చేయి.

ముక్కుకు కార్ఖానా దుమ్ము అన్నాం. బిగుసుకుపోతే జబ్బు తగ్గిందని దండ వేశాం. చేతికి అలవాటు అని పేరు పెట్టాం. మూడింటికీ మూడు కారణాలు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, అన్నీ మగ్గం నుంచి తెచ్చినవే. ఈ ముసలాయన దగ్గర మగ్గం లేదు. మిగతా మూడూ ఉన్నాయి.

ఆ తర్వాత మనవడు ఏ కట్ట చూపించాడో, ఏం చెప్పాడో నాకు తెలియదు. అన్నిటికీ "ఆఁ" అన్నాను. చెప్పిన ధరకే. నా జీవితంలో మొదటిసారి. మనవడు అనుమానంగా నా ముఖం చూసి, మంచినీళ్ళు తెప్పించాడు.

చీరల ఉల్టా

ఆ సాయంత్రం అక్కకు చెప్పాను. ఆమె గరిటె పక్కన పడేసి నా మీదికి లేచింది.

"ఏందే నువ్వు? ఇన్నేండ్లకు నా మొగడు కడుపునిండ తింటున్నడు. మంచిగున్న మనిషికి రోగం అంటగడ్తవా?"

బావ అరవలేదు. అది ఇంకా కష్టం. "మరదలా, పేగు పేగే, చెయ్యి చెయ్యే. ఆడ పుండైతే ఈడ వణుకుతదా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు: "షెడ్డుల తెలిసిందనుకో, నా మగ్గాలు ఇంకొకనికి ఇస్తరు. వణికే చేతికి మగ్గమెవడిస్తడు? నేను ఏ డాక్టర్ దగ్గరికీ పోను. ఈ ముచ్చట ఇడిసిపెట్టు."

అప్పుడర్థమైంది, ఆ చేతి సంగతి ఆయనకు మాకంటే ముందే తెలుసని.

బేరం పెట్టాను. ఒక్కసారి చూపించుకో, నెల దాకా అడగనన్నాను. ఊఁహూఁ. అక్క కోసం అన్నాను. ఊఁహూఁ. నేను మళ్ళీ సూరత్ రానన్నాను. "గది మంచి మాట" అన్నాడు.

ఓడిపోయి, ఏం చేయాలో తోచక, కొన్న కట్ట విప్పి చీరలు మడత పెట్టుకుంటూ కూర్చున్నాను. బావ ఒకటి లాక్కున్నాడు. ఉల్టా తిప్పి, వెలుతురుకు పెట్టి, గోరుతో గీశాడు. తెల్లటి పొడి రాలింది.

"మరదలా... నువ్వు చీర కొన్లే. గంజి కొన్నవ్."

అక్క కూడా నవ్వేసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అందులోనే దారి కూడా కనిపించింది.

"అట్లనా? అయితే రేపు నాతోని రా. వాపసు ఇప్పియ్యి. నువ్వు లేకుంటె వాళ్ళు నన్ను ఆడుకుంటరు."

"వస్త. కోరుట్ల కోమలాంగిని ముంచినోడు ఎవడో నేను చూడాలె. వానికో దండ వేస్త!"

పోగు ఏది?

చలికాలం కావడంతో దారి పక్కన పోంక్ కాలుస్తున్నారు. లేత జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి, గింజలు రాల్చి అమ్ముతారు. మన ఊచబియ్యమే! వీళ్ళు దాంట్లో మిరియాల సేవ్, నిమ్మకాయ కలుపుతారు, పంచదార చిలకలు కూడా పక్కన పెడతారు. కాలిన జొన్న పొగ మూల తిరగకముందే నా ముక్కుకు తగిలి, "బావా, ఊచబియ్యం!" అని అరిచాను. బావ అటూ ఇటూ చూశాడు. పొయ్యి కళ్ళకు కనపడ్డాకే, "అగో, అవు" అన్నాడు. ఇద్దరం ఇంకేం అనుకోలేదు. పొట్లం కొన్నాను. నాలుగు గింజలే నోట్లో వేసుకున్నాడు.

ఇంకో సంగతి. ఇన్నేళ్ళు సూరత్‌లో ఉండి బావ ఆ బజారు లోపలికి ఎన్నడూ రాలేదు. ఆయన నేసేది రంగు లేని తెల్ల బట్ట. అది పల్సానా మిల్లులకో ఇంకెక్కడికో వెళ్ళి రంగేసుకుని ఇక్కడికి చేరుతుంది. మెట్లెక్కుతూ ప్రతి కొట్టు ముందూ ఆగాడు. "మనదేనా ఇది? రంగేస్తె గిట్లుంటదా?" అని అడుగుతూ ఉన్నాడు, పెద్దయిన పిల్లల్ని గుర్తుపట్టలేని తండ్రిలా.

కొట్లో అడుగు పెట్టగానే చీర గద్దె మీద పరిచి, గోరుతో గీసి చూపించి, హిందీలో అందుకున్నాడు. మనవడు తడబడ్డాడు. బాపూజీ మాత్రం తొణకలేదు. "కొనేటప్పుడు బెహెన్‌కు నోరుంది, చేతులున్నాయి. మేము దాచలేదు. కూర్చో భాయ్, ముందు చాయ్ తాగు" అన్నాడు.

బావ గద్దె అంచున కూర్చున్నాడు. మనవడు చాయ్‌కి కేకేశాడు. అలా పక్కపక్కన కూర్చున్న ఇద్దరి ఒళ్ళలో రెండు చేతులు. రెండూ పేనుతున్నాయి.

ముందు చూసింది ముసలాయన. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు.

బావకు అర్థమైంది. చేతిని తొడ కిందికి తోసుకున్నాడు. "మాది మగ్గం పని శేఠ్. పోగు పేనే అలవాటు."

బాపూజీ వంగి, ఆ చేతిని మెల్లగా బయటికి తీసి, అరచేయి పైకి తిప్పాడు. వేళ్ళు ఆగలేదు.

"ధాగా కహాఁ హై, భాయ్?" అన్నాడు. పోగు ఏది?

బావ తన వేళ్ళ వైపు చూశాడు. నిజంగానే పోగు కోసం వెతికినట్టు చూశాడు.

ముసలాయన తన చేతిని పక్కన పెట్టి చూపించాడు. తానూ దాచానన్నాడు. వణికే చేత్తో నోట్లు లెక్కపెడితే గిరాకీ చులకన చేస్తుందని జేబులో పెట్టుకుని తిరిగాడట. దాచినన్నాళ్ళూ జబ్బు తన పని తాను చేసుకుపోయిందట. తర్వాత మందు, పొద్దున్నే నడక, రోజూ వ్యాయామం. "పూర్తిగా పోదు. కానీ చూడు, గద్దె దిగలేదు." నా వైపు తల తిప్పి, "మీ మరదలికి గంజి కూడా అమ్మాను" అన్నాడు.

బావ నవ్వాడు. గట్టిగా, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ తుడుచుకోవడం నవ్వుకేనా అని నేను తేల్చుకోదలచుకోలేదు.

చీరలు వాపసు తీసుకోలేదు సుమా! కట్టలో సగానికి వేరే చీరలు మార్చి ఇచ్చారు, బావ ఒక్కొక్కటీ ఉల్టా తిప్పి చూశాక.

డాక్టరమ్మ దగ్గర

బావ పేగును మొదట్నుంచీ చూస్తున్న డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. గోలీలు ఆపినందుకు ముందు ఆయనకు అక్షింతలు పడ్డాయి. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమంది. మనసు లెక్క మీదికి వెళ్ళగానే కుడి చేయి ఊపందుకుంది. అక్క చూస్తూ ఉంది. పోగు లేదు, మగ్గం లేదు, షెడ్డు లేదు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెన్ను అందుకోమంది డాక్టరమ్మ. అందుకోగానే వణుకు ఆగింది. అందుకే షెడ్డులో ఎవరికీ తెలియలేదన్నమాట. ఆ చేయి పనిలో బాగుంటుంది, విశ్రాంతిలోనే వణుకుతుంది.

"పేగుల పుండుకు, చేతుల వణుకుకు ఏం సంబంధం మేడం?" బావ అడిగాడు.

ఆమె హిందీలో చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. పేగు గోడ నిండా నరాలున్నాయి. పేగుకూ మెదడుకూ మధ్య నరాల దారి ఉంది, రెండూ మాట్లాడుకుంటాయి. పేగులో ఏళ్ళ తరబడి ఇలాంటి వాపు ఉన్నవాళ్ళలో ఈ వణుకు జబ్బు మిగతావాళ్ళ కంటే కాస్త ఎక్కువగా కనిపిస్తోందని పరిశోధించేవాళ్ళు అంటున్నారు. కాస్తే. పేగు జబ్బున్న చాలామందికి ఇది ఎప్పటికీ రాదు. ఎందుకన్నది ఇంకా తేలలేదు. పేగులో రగిలిన మంట రక్తం ద్వారా మెదడు దాకా సెగ పంపుతుందా, పేగు నరాల్లో పోగులా చిక్కుపడిన ఒక ప్రోటీన్ పైకి పాకుతుందా, లేక రెండు జబ్బులకూ పుట్టుకలోనే ఏదైనా చుట్టరికం ఉందా, వెతుకుతున్నారు. మతిమరుపు జబ్బుల గురించి కూడా ఇలాగే చూస్తున్నారు గానీ, అక్కడ తెలిసింది ఇంకా తక్కువ.

"మీ భర్తకు పేగు వల్లే ఇది వచ్చిందని నేను చెప్పలేను" అంది అక్కతో. "వాసన పోవడానికీ, విరేచనం బిగుసుకోవడానికీ వేరే కారణాలుండొచ్చు. కానీ మూడూ కలిసి వచ్చినప్పుడు చూస్తూ ఊరుకోకూడదు. నరాల డాక్టరుకు రాసిస్తాను."

"రక్తం ఆగింది గదా మేడం, మరి గోలీ ఎందుకు?" అన్నాడు బావ.

"రక్తం ఆగితే మంట ఆరినట్టు కాదు. నివురు కింద నిప్పుంటుంది. పరీక్ష చేసి చూద్దాం."

నేనుండబట్టలేకపోయాను. "పేగు మందు వేసుకుంటె చెయ్యి గూడ మంచిగైతదా? గ్యారంటీ ఉన్నదా?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. "నేను చీరలమ్మను. గ్యారంటీ లేదు. పేగు వాపును అదుపులో పెడితే మెదడుకూ మేలు జరగొచ్చని ఆశ ఉంది, దాని మీద పని నడుస్తోంది. మేలు జరిగినా జరగకపోయినా పేగు కోసం ఆ మందు కావాల్సిందే."

"తక్కువల తక్కువ ఎన్ని రోజులు వేసుకోవాలె?"

"బేరమాడుతున్నారా?"

"అలవాటు మేడం" అంది అక్క. ఆ మాట అన్నాక తనే తల దించుకుంది. అలవాటన్న మాటతోనే కదా ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాం.

ఇక కారం సంగతి. కారం వల్ల జబ్బు రాదు గానీ, పుండున్నప్పుడు మంటను పెంచుతుంది, ముందు లోపల ఏముందో చూద్దాం అంది డాక్టరమ్మ. సీసా అటక మీదికి ఎక్కింది. దండ వేసిన ఎర్ర డబ్బాను బావే మేకు నుంచి దించి, పూలు తీసి, కడిగి గుమ్మం దగ్గర పెట్టాడు. పొద్దున వరుసలో ఉన్న ఒడియా కుర్రాడు అది చూసి, ఏమీ అడక్కుండా గోడ వైపు జరిగాడు.

కోరుట్ల

తిరుగు రైల్లో తెప్లాల ఆవిడ మళ్ళీ కలిస్తే బాగుండునని చూశాను. కలిసుంటే ఆమె మాటకు ఒక చిన్న సవరణ చెప్పేదాన్ని: కడుపు బాగుందో లేదో కడుపునే కాదు, ముక్కునూ చేతినీ కూడా అడగాలి.

నేను వచ్చాక కబుర్లన్నీ ఫోనులోనే. పేగులో నివురు కింద నిప్పు ఉందట, గోలీలు మళ్ళీ మొదలయ్యాయి. నరాల డాక్టరు అది పార్కిన్సన్సేనని చెప్పాడు, ఇంకా మొదట్లోనే ఉందని కూడా చెప్పాడు. దానికీ మందు మొదలైంది. ఆదివారాలు బావ రింగ్ రోడ్డుకు వెళ్ళి బాపూజీతో కలిసి నడుస్తున్నాడు. షెడ్డులో సంగతి ఆయనే చెప్పేశాడట. యజమాని ఆ వారం బట్టను ఉల్టా తిప్పి చూసి, "సరుకులో మచ్చ రానంతవరకు నాకేంటి?" అని వెళ్ళిపోయాడట. ఎన్నాళ్ళు నడుపుతాడో ఎవరికీ తెలియదు. ఇప్పటికైతే మగ్గాలు ఆయనవే.

నిన్న సాయంత్రం అక్క వీడియో కాల్ చేసింది. బావ అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. పళ్ళెంలో ఒక మూలన, గురివింద గింజంత, ఎర్రగా.

"డాక్టరమ్మ ఒప్పుకున్నది" అంది అక్క, నేను అడగకముందే. "ఇంతే, ఎక్కువ లేదు."

అక్క ఫోను కిందికి దించింది. బావ కుడి చేయి మోకాలి మీద ఉంది. వేళ్ళు ఒకసారి దొర్లాయి, ఆగాయి. చాలాసేపు ఆగే ఉన్నాయి. మళ్ళీ ఒకసారి దొర్లాయి.

"మొత్తం పోలే" అన్నాడు బావ. "జర హర్తాల్ చేస్తాంది, అంతే."

ఆ చేత్తోనే ముద్ద కలిపి, కారం అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేను కొట్లో గిరాకీని వదిలేసి ఫోను చూస్తున్నాను. ఒకామె చీర ధర రెండోసారి అడిగింది, తగ్గించి చెప్పేశాను.

"ఏంది బావా? ఈసారన్న వాసన వచ్చిందా?"

బావ నమిలాడు. ముఖం ఎర్రబడింది. ముక్కు కారింది. నీళ్ళ చెంబు కోసం అక్క లేవబోతే వద్దని చేత్తో ఆపాడు.

"వాసన రాలే మరదలా" అన్నాడు, కళ్ళ నీళ్ళతో నవ్వుతూ. "మంట తెల్వంగనే మీ అమ్మ చెయ్యి యాదికొచ్చింది. ఇంకో సీసా పంపు. మూత మంచిది కొను."